రాతకు దొరికిన పూట: కృష్ణా దిగువ డెల్టాలో శిశుసంరక్షణ, తండ్రి, సాహిత్యం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రచయిత జీవితచరిత్రలో చదువు, ఉద్యోగం, ఉద్యమం, పత్రిక, ముద్రణ వంటి అంశాలకు చోటు ఉంటుంది. రచనకు సమయం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం చోటు అరుదు. ఇంటిపట్టున ఉండి బిడ్డను పెంచిన తండ్రి, ఆ బిడ్డ పూర్వప్రాథమిక బడిలో చేరిన తరువాత తిరిగి రచనకు పూనుకోవడం నేడు కనిపిస్తున్న కొత్త సన్నివేశం. ఈ సన్నివేశాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన చారిత్రక నేపథ్యాన్ని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ఆధారంగా నిర్మించడం ఈ వ్యాస లక్ష్యం. బిడ్డకు ఆరేళ్లు నిండేదాకా సాగే సంరక్షణ ఎవరి చేతుల్లో ఉన్నదో, రచనా సమయం ఎవరికి దక్కిందో ఈ రెండూ ఒకే చరిత్రకు రెండు ముఖాలని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శిశుసంరక్షణ, తండ్రి, రచనా సమయం, అంగన్‌వాడీ, బందరు, అంగలూరు, దివిసీమ, గృహశ్రమ.

1. ప్రవేశిక:

తెలుగు సాహిత్య చరిత్ర రచనలో కాలానికి ప్రాధాన్యం ఉన్నది. కవి ఏ శతాబ్దివాడు, గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది అనే చర్చలు వందల పుటల్లో సాగాయి. అయితే గ్రంథకర్త రోజులో ఏ పూట రాశాడు, ఆ పూట అతని ఇంట్లో పసిబిడ్డ ఎవరి ఒడిలో ఉన్నది అనే కాలం ఈ చర్చల్లోకి రాలేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు లిపిబద్ధం చేసిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఆ నవలకూ, అడివి బాపిరాజు ‘నారాయణరావు’కూ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి లభించిన విషయమూ తెలుసు. ఈ ఇద్దరికీ బందరు జాతీయ కళాశాలతో అనుబంధం ఉన్నది. ఆ 29 రోజులు ఇల్లు ఎలా నడిచిందన్న ప్రశ్న మాత్రం సాహిత్య ప్రశ్నగా ఎవరికీ తోచలేదు. ఇది ఒక రచయిత లోపం కాదు. చరిత్రకారులు ప్రశ్నలు వేసే పద్ధతిలో ఉన్న లోపం.

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీ రచనకు సొంత గది, సొంత ఆదాయం కావాలని వాదించింది. అమెరికన్ రచయిత్రి టిలీ ఓల్సెన్ 1978లో ప్రచురించిన గ్రంథంలో రచయితల మౌనాలకు గల భౌతిక కారణాలను వెదికింది. ఈ రెండు ఆలోచనలకూ కేంద్రం ప్రధానంగా స్త్రీయే. తండ్రి బిడ్డను చూసుకునే బాధ్యతను పూర్తిగా తలకెత్తుకొన్నప్పుడు అదే ప్రశ్న పురుషుడి వైపుకు కూడా తిరుగుతుంది. అప్పుడు స్త్రీల మౌనానికి ‘ప్రతిభ లేకపోవడం’ కారణమని చెప్పుకొంటూ వచ్చిన వాదం కూలిపోతుంది. ఎవరి చంకన బిడ్డ ఉంటే వారి కలం ఆగుతుందని తేలుతుంది.

2. ‘గృహిణి’, ‘గృహస్థు’ - పదాల అసమానత:

తెలుగులో ‘గృహిణి’కి పురుషవాచకంగా ‘గృహస్థు’ అనే పదం ఉన్నట్లు కనిపిస్తుంది. ఈ రెండు పదాల అర్థాలు సమానం కావు. గృహిణి ఇంటిపని చేసే స్త్రీ. గృహస్థు ఇంటికి యజమాని, అతిథులను ఆదరించేవాడు, ఆశ్రమధర్మాల్లో రెండవదాన్ని పాటించేవాడు. ఇంట్లో ఉండి బిడ్డకు స్నానం చేయించి, అన్నం తినిపించి, నిద్రపుచ్చే పురుషుడికి ఒక్క మాటలో పేరు లేదు. ‘ఇంటిపట్టున ఉంటున్నాడు’ అనే మాటకు వ్యవహారంలో ‘ఏ పనీ లేదు’ అనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. ‘ఇల్లరికం’ అనే మాట నివాసాన్ని సూచిస్తుందే తప్ప పనిని సూచించదు.

ఇంటిపట్టున ఉన్న పురుషుడిని అసమర్థుడిగా చూసే దృష్టి సాహిత్యంలోనూ బలంగా ఉన్నది. త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పాత్ర శిశుసంరక్షణకు సంబంధించినది కాదు. అది ఒక మనస్తత్వానికి సంబంధించిన పాత్ర. కానీ ఉద్యోగం, ఆస్తి లేకుండా తన ఆలోచనల్లో కూరుకుపోయిన మగవాడికి ఆ నవల పెట్టిన పేరు తెలుగు సమాజం నాలుకపై నిలిచిపోయింది. ఇంట్లో ఉండి రాయాలనుకొనే తండ్రి ఈ పేరు నీడలోనే బతకవలసి ఉంటుంది. అతనికి రెండు ‘నిరుద్యోగాలు’ అంటగడతారు: బిడ్డను పెంచడం పనికింద లెక్కకు రాదు, రాయడమూ రాదు.

అయితే తండ్రి ఇంట్లో ఉండడం డెల్టాకు కొత్త కాదు. బందరు పక్కనున్న పెడనలో చేనేత కుటుంబాల ఇల్లే పనిచోటు. గుంటమగ్గం మీద తండ్రి కూర్చుంటే, పిల్లలు ఆ చుట్టుపక్కలే తిరుగుతారు. కండెలు చుట్టే పని ఇంట్లోని స్త్రీలది, వృద్ధులది. కలంకారీ అద్దకం చేసే కుటుంబాల్లోనూ, చిలకలపూడి రోల్డుగోల్డు నగల పనివారి ఇళ్లలోనూ పనికీ ఇంటికీ మధ్య గోడ పలుచనిదే. ఈ తండ్రులు ఇంట్లో ఉన్నారు, వారిని ఎవరూ పనిలేనివారని అనలేదు. దీన్ని బట్టి సమాజానికి అభ్యంతరం పురుషుడు ఇంట్లో ఉండడం కాదని, అతడు అక్కడ కూలి లేని పని చేయడమేనని స్పష్టమవుతుంది.

3. అక్షరాభ్యాసానికి ముందున్న లోకం:

సంప్రదాయంలో అయిదో ఏట అక్షరాభ్యాసం చేయించడం, ఆ తరువాత వీధిబడి పంతులుకు అప్పగించడం వాడుక. అంతకుముందు బిడ్డ లోకం తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, పెద్దక్క. జోలపాటలు, పొడుపు కథలు, వేళ్లు మడిచి ఆడించే ఆటలు ఆ లోకపు సాహిత్యం. దాని కర్తల పేర్లు గ్రంథస్థం కాలేదు. వరినాట్ల కాలంలో కూలి తల్లి గట్టుమీద చెట్టుకొమ్మకు చీర ఊయల కట్టి పొలంలో దిగేది. ఊయల ఊపే బాధ్యత ఏడెనిమిదేళ్ల అక్కకు దక్కేది, ఆ అక్క చదువు అక్కడే ఆగేది. శిశుసంరక్షణకు మూల్యం ఎవరో ఒకరు చెల్లించక తప్పలేదు. ఎక్కువసార్లు చెల్లించింది ఆడపిల్లే.

ఈ నేపథ్యంలో బందరులో 1902 ముఖ్యమైన సంవత్సరం. ఫిబ్రవరిలో ‘కృష్ణాపత్రిక’ ఆ ఊళ్లో మొదలైంది. అదే ఏడాది భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబల చొరవతో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిన అచ్చమాంబ 1874లో జన్మించింది. కన్నబిడ్డలను పసితనంలోనే పోగొట్టుకొని, 1905లో ముప్పయ్యేళ్ల వయసులో తానూ మరణించింది. ఆమె రచనను పరిశీలించిన వారు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహాన్ని ప్రస్తావించారు. ఆమె తల్లిగా అనుభవించిన శోకాన్నీ ప్రస్తావించారు. అనాథ పిల్లలను చేరదీసి పెంచుతూనే ఆమె రాసింది, సభలు నడిపింది. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది పుట్టిన పత్రికకూ స్త్రీ సమాజానికీ దక్కిన చరిత్ర స్థలాలను పోల్చితే రెండింటికీ ఉన్న తేడా తెలుస్తుంది. పత్రిక గురించి పరిశోధనలు విరివిగా వచ్చాయి. స్త్రీలు ఇంటిపని ముగించుకొని కలుసుకొన్న ఆ వేళను గురించి రాసినవారు కొద్దిమంది.

ఇక్కడ మరొక పరిశీలన అవసరం. గుడివాడ - బందరు మధ్య ప్రాంతం తరువాతి కాలంలో పాఠకాదరణ పొందిన నవలాకర్త్రిని కూడా ఇచ్చింది. యద్దనపూడి సులోచనారాణి 1940లో మొవ్వ సమీపంలోని కాజ గ్రామంలో జన్మించింది. 1960, 70 దశకాల్లో స్త్రీల నవల వారపత్రికల్లో, మాసపత్రికల్లో ధారావాహికగా విస్తరించింది. ధారావాహిక విడత నిడివికీ, ఇంటిపనుల మధ్య దొరికే విరామానికీ ఉన్న సంబంధం పరిశోధించదగిన అంశం. రచనా ప్రక్రియ ఎంపికలో అభిరుచితో పాటు అందుబాటులో ఉన్న గంటల పాత్ర కూడా ఉంటుందని భావించడానికి ఇక్కడ అవకాశం ఉన్నది.

4. అంగలూరు నుంచి డబ్లిన్ వరకు:

గుడివాడ సమీపంలోని అంగలూరులో 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి జీవితం ఈ చర్చకు కీలకమైన ఉదాహరణ. ఆయన కుమారుడు గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న జన్మించాడు. ఆ మరుసటి ఏడాది రామస్వామి ఇంటర్మీడియట్ చదువుకు బందరు నోబుల్ కళాశాలలో చేరాడు. బందరులో ఉన్న కాలంలోనే నాటక రచన సాగించాడు. 1914లో న్యాయశాస్త్ర విద్య కోసం ఐర్లండులోని డబ్లిన్‌కు వెళ్లి, 1917లో తిరిగి వచ్చాడు. డబ్లిన్ నుంచి ‘కృష్ణాపత్రిక’కు వ్యాసాలు పంపాడు. స్వాతంత్ర్యోద్యమంలో తెలుగువారు పాల్గొనాలని ఆ వ్యాసాల్లో కోరాడు.

ఈ సంవత్సరాలను కొడుకు వయసుతో కలిపి చూస్తే ఇప్పటిదాకా పట్టించుకోని ఒక చిత్రం కనిపిస్తుంది. తండ్రి సముద్రం దాటి వెళ్లేనాటికి గోపీచంద్‌కు దాదాపు నాలుగేళ్లు. తిరిగి వచ్చేనాటికి ఆరేడేళ్లు. నేటి భాషలో చెప్పాలంటే ఆ కాలం పూర్తిగా ‘పూర్వప్రాథమిక’ వయసు. ఆ మూడేళ్లు బిడ్డ పెంపకం ఇంటి స్త్రీల చేతుల్లోనే సాగింది. తండ్రి చదువు, వ్యాసాలు, తరువాతి ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ వరకు సాగిన భావవిప్లవం వెనుక ఈ పేరులేని శ్రమ ఉన్నది. ఈ మాట రామస్వామి ఘనతను తగ్గించదు. పురాణాధికారాన్ని ప్రశ్నించిన ఆ ఇంటి చరిత్రలో ప్రశ్నించకుండా మిగిలిన భాగమేదో మాత్రం చూపుతుంది.

గోపీచంద్ తన నవలను తండ్రికి అంకితం చేస్తూ, ప్రశ్నించడం నేర్పినందుకు కృతజ్ఞత చెప్పాడన్నది ప్రసిద్ధం. బిడ్డకు మాటలు నిండుగా వచ్చి ‘ఎందుకు’ అని అడిగే వయసులో తండ్రి పాత్ర ప్రవేశిస్తున్నదని ఈ అంకితం సూచిస్తుంది. అంతకుముందు మాట నేర్పినదెవరన్న దానికి అంకితపత్రం రాయడం మన గ్రంథ సంప్రదాయంలో అరుదు. ప్రశ్నకు గురువు ఉన్నాడు, తొలి పలుకు నేర్పినవారికి మాత్రం గురుస్థానం లేదు.

ఇదే కాలంలో గుజరాతులో భిన్నమైన ఉదాహరణ కనిపిస్తుంది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన గిజూభాయి బధేకా (1885-1939) తన కొడుకు పుట్టిన తరువాత పిల్లల పెంపకం గురించి ఆలోచించడం ప్రారంభించి, మాంటిస్సోరీ గ్రంథాలను చదివి, 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభమైంది. ‘దివాస్వప్న’ మొదలు అతని రచనా జీవితమంతా ఆ పిల్లల నుంచే పుట్టింది. రామస్వామి చదువు కోసం బిడ్డకు దూరమయ్యాడు. గిజూభాయి బిడ్డ కోసం వృత్తినే విడిచాడు. ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవారే, ఇద్దరూ సంస్కర్తలే. శిశువు వయసు పట్ల వారి జీవితాలు తీసుకొన్న దిశలు వేరు. తెలుగునేలపై బెజవాడలో కొంతకాలం జీవించిన చలం ‘బిడ్డల శిక్షణ’ రచించి, పిల్లలను దండించే అధికారాన్ని ప్రశ్నించాడు. తండ్రి పిల్లల గురించి రాయడానికి అది గొప్ప నిదర్శనం. తండ్రి పిల్లలను చూసుకొంటూ రాయలేకపోవడాన్ని గురించి రాయడం వేరొక సంగతి. అది రావడానికి మరింత కాలం పట్టింది.

5. కారాగారం - ఇద్దరికి రెండు అర్థాలు:

జాతీయోద్యమ కాలంలో రచయితలకు అనుకోకుండా దొరికిన రచనాస్థలం జైలు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని 1922లో జైలులో రచించాడు. బందరులో వైద్యుడిగా జీవితం ప్రారంభించిన భోగరాజు పట్టాభిసీతారామయ్య క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టై అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉన్నప్పుడు రాసిన దినచర్య 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పేరుతో గ్రంథంగా వెలువడింది. అదే కోటలో నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశాడు. నిర్బంధం బాధాకరమే. అయినా వంట, బిడ్డ, అతిథి, ఇంటి బాధ్యతలు లేని దీర్ఘకాలం ఆ నిర్బంధంలోనే దొరికింది.

ఇదే ఉద్యమంలో కృష్ణా జిల్లాకు చెందిన మరొక కుటుంబాన్ని పరిశీలించాలి. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు (గోరా), సరస్వతి దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో సరస్వతీ గోరా అరెస్టై రాయవేలూరు జైలుకు వెళ్లినప్పుడు రెండున్నరేళ్ల కుమారుడు నియంత ఆమెతోనే ఉన్నాడు. తండ్రులకు జైలు ఇంటి నుంచి విడుదల ఇచ్చింది. తల్లికి జైలు మరొక ఇల్లైంది. ఈ ఒక్క పోలిక రచనా సమయ చరిత్రను అనేక సిద్ధాంత గ్రంథాల కంటె స్పష్టంగా చెబుతుంది. జైలు సాహిత్యంపై పరిశోధన చేసేవారు కవి ఎన్ని నెలలు జైలులో ఉన్నాడని లెక్కించడంతో పాటు, జైలులో ఎవరి ఒడిలో బిడ్డ ఉన్నదన్న వివరాన్నీ నమోదు చేయవలసి ఉంటుంది.

6. బాల్వాడీ నుంచి అంగన్‌వాడీ వరకు:

మూడేళ్లు నిండిన బిడ్డ రోజులో కొన్ని గంటలు ఇంటి బయట సురక్షితంగా ఉండగలగడం ఆధునిక వ్యవస్థ ఇచ్చిన అవకాశం. 1939 నవంబరులో మాంటిస్సోరీ మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించిన తరువాత దక్షిణాదిలో ఆ పద్ధతి వ్యాపించింది. 1955లో వేగే కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరీ పాఠశాలను స్థాపించింది. ఇవి పట్టణాలకు, ఫీజు చెల్లించగల కుటుంబాలకు పరిమితం. గ్రామాల విషయంలో 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి స్వచ్ఛంద సంస్థలకు సాయమందించి బాల్వాడీలను ప్రోత్సహించింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమై అంగన్‌వాడీ క్రమంగా ఊరూరికీ వచ్చింది.

ఆ పథకం మొదలైన రెండేళ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు దాదాపు 10,000 మంది. వారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అధికం. ఉప్పెన చరిత్రను అలల ఎత్తు, శవాల సంఖ్య, సహాయ కార్యక్రమాల ఆధారంగా రాశారు. మండలి వెంకటకృష్ణారావు వంటి ప్రజాప్రతినిధుల సేవలను గుర్తుంచుకొన్నారు. భార్యను పోగొట్టుకొని పసిబిడ్డతో మిగిలిన తండ్రుల కథ ఆ చరిత్రలో వేరుగా లేదు. వలకు వెళ్లవలసిన మనిషి బిడ్డను ఎక్కడ దింపి వెళ్లాడు, ఎవరు అన్నం పెట్టారు అనే ప్రశ్నలకు సమాధానాలు ఇంకా ఆ గ్రామాల వృద్ధుల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. మౌఖిక చరిత్ర పద్ధతిలో వాటిని సేకరించడానికి మిగిలిన సమయం తక్కువ. దివిసీమలో బిడ్డను పెంచిన తండ్రి ఆధునిక నగర జీవనం నుంచి దిగుమతి అయిన వ్యక్తి కాడని ఆ జ్ఞాపకాలు నిరూపించగలవు.

7. చట్టం చూసిన తల్లి, చూడని తండ్రి:

శిశుసంరక్షణకు సంబంధించిన భారత చట్టాలను వరుసగా చదివితే ఒకే భావన వాటిలో కొనసాగడం గమనించవచ్చు. 1948 కర్మాగారాల చట్టం 50 మందికి మించి స్త్రీ కార్మికులున్న చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలని నిర్దేశించింది. 1976 సవరణ ఆ సంఖ్యను 30కి తగ్గించింది. తండ్రులెంతమంది పనిచేసినా శిశుగృహం అవసరమని ఆ చట్టం తలచలేదు. 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకు మించి ఉంటే, వారిని చూసే పనికి ఒక స్త్రీని నియమించాలన్నది. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మంది ఉద్యోగులున్న సంస్థకు శిశుగృహాన్ని తప్పనిసరి చేసింది. ఇక్కడ లెక్కలో పురుషులూ వచ్చారు. కానీ రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసే హక్కు తల్లికే దక్కింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల్లో తండ్రికి 1997 నుంచి 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. తల్లికి 2008 నుంచి 730 రోజుల శిశుసంరక్షణ సెలవు లభించింది. 2018లో అది ఒంటరి తండ్రికి కూడా వర్తించింది. తల్లి లేనప్పుడే తండ్రి సంరక్షకుడన్న భావం ఇందులో కనిపిస్తుంది.

2002లో 86వ రాజ్యాంగ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని పేర్కొన్నది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి అది ప్రాథమిక హక్కు, ఆరేళ్లలోపు వారికి ఆశయం మాత్రమే. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా పరిగణించింది. ఆ మాట ఆచరణలోకి వచ్చే కొద్దీ ఇంట్లో సంరక్షకులకు కొన్ని గంటలు నమ్మకంగా మిగులుతాయి.

ఆ గంటల విలువ 2019 జాతీయ సమయ వినియోగ సర్వే అంకెల్లో తెలుస్తుంది. ఆరేళ్లు దాటిన వారిలో జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్నవారు రోజుకు వెచ్చించిన సగటు సమయం వరుసగా 299 నిమిషాలు, 97 నిమిషాలు. ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు 27.6 శాతం, పురుషులు 14 శాతం. వారి సమయం 134, 76 నిమిషాలు. పురుషులు వేలు పెట్టని పని కాదని, వేలు పెట్టిన చోట కూడా స్త్రీల కంటె చాలా తక్కువ సమయమే వెచ్చించారని ఈ అంకెలు చెబుతున్నాయి.

8. తిరిగి రాయడం:

ఈ చరిత్ర చివరన నేటి తండ్రి నిలబడి ఉన్నాడు. భార్య బడిలోనో, బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో ఉద్యోగం చేస్తుంటే, తాను బందరులోనో గుడివాడలోనో ఇంటిపట్టున బిడ్డను పెంచిన రచయిత అతడు. బిడ్డకు మూడేళ్లు నిండి అంగన్‌వాడీలోనో, ఎల్.కె.జి. ముందరి తరగతిలోనో చేరిన రోజు అతని చేతికి ఒక పూట దొరుకుతుంది. ఆ పూట పూర్తిగా అతనిది కాదు. తొలి వారాల్లో బిడ్డ గుమ్మం దగ్గర ఏడుస్తుంది, తండ్రి కిటికీకి ఇవతల నిలబడతాడు. జ్వరం వస్తే ఆ పూట పోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తీరానికి తుపాను హెచ్చరిక వస్తే బడికి సెలవు, రాతకూ సెలవే.

ఇటువంటి రచయిత జీవితవివరాల్లో మూడు, నాలుగేళ్ల ఖాళీ కనిపిస్తుంది. సంకలనకర్తలు దాన్ని ‘రచనకు దూరమయ్యాడు’ అని రాస్తారు. ఆ వాక్యం తప్పుడు సమాచారం ఇస్తుంది. ఆ ఏళ్లలో అతడు తెలుగు భాష ఒక మనిషి నోట్లో ఎలా పుడుతుందో రోజూ దగ్గరగా విన్నాడు. ‘నువ్వు’, ‘నేను’ తారుమారయ్యే దశను, క్రియ లేని వాక్యాన్ని, ఒకే కథను మార్చకుండా ఇరవైసార్లు చెప్పమనే పట్టుదలను చూశాడు. సంప్రదాయం స్త్రీలకు వదిలిన మౌఖిక సాహిత్యంలో అతడు తొలిసారి అప్రెంటిస్‌గా చేరాడు. గిజూభాయి విషయంలో వలె అతని రచన తిరిగి మొదలైనప్పుడు వస్తువే మారవచ్చు, నిడివి కూడా మారవచ్చు. రెండు గంటల్లో ముగిసే కథ, మధ్యలో ఆపి మళ్లీ అందుకోగల వచనం అతనికి అనువవుతాయి. 1960 దశకంలో స్త్రీల ధారావాహిక గురించి పైన చేసిన ప్రతిపాదన ఈ తండ్రికీ వర్తిస్తుందో లేదో పరిశీలిస్తే, ప్రక్రియకూ సంరక్షణకూ ఉన్న సంబంధం లింగభేదంతో నిమిత్తం లేకుండా తేలుతుంది.

అయితే ఈ విముక్తిని ఉత్సవంగా మాత్రమే చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. తండ్రికి దొరికిన పూట ఎవరి శ్రమ నుంచి వచ్చిందన్న ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆయాకు ప్రభుత్వం ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మణిబెన్ మగన్‌భాయి భారియా కేసులో వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సిబ్బంది 42 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మెలో వేతనం ప్రధానాంశం. కేంద్రాలు మూతపడిన ఆ 42 రోజులు ఇళ్లలో సంరక్షకులు ఎవరైనా సరే, వారి పూట వారి చేతిలో లేదు. అంగలూరు ఇంటి స్త్రీల శ్రమ మీద నిలిచిన రచన ఒకనాటిది. అంగన్‌వాడీ స్త్రీ శ్రమ మీద నిలిచిన రచన నేటిది. తండ్రి బాధ్యత తీసుకొన్నంత మాత్రాన ఈ గొలుసు తెగలేదు. అందులో ఒక కొత్త కడియం చేరింది.

9. ముగింపు:

పై చర్చ నుంచి తేలిన అంశాలు:

1. రచనా సమయం ప్రతిభతో పాటు ఇచ్చిన వరం కాదు. అది ఇంట్లోనో, బయటో మరొకరి శ్రమ ద్వారా సమకూరుతుంది. బందరు, గుడివాడ, దివిసీమల సాహిత్య చరిత్రను తిరిగి రాసేటప్పుడు ప్రతి ప్రధాన రచనకూ ముద్రణ సంవత్సరంతో పాటు ఆ ఇంటి పిల్లల వయసులను కూడా పక్కన పెట్టి చూడడం ప్రయోజనకరం. రామస్వామి - గోపీచంద్‌ల విషయంలో ఆ పోలిక కొత్త అర్థాన్ని చూపింది.

2. జైలు, పత్రికా కార్యాలయం, కళాశాల వలె బాల్వాడీ, అంగన్‌వాడీలు కూడా సాహిత్యానికి ఆధారభూతమైన సంస్థలే. వాటి చరిత్రను విద్యాశాఖ చరిత్రకు వదిలివేయడం సరికాదు.

3. ఇంటిపట్టున బిడ్డను పెంచే తండ్రి స్త్రీల చరిత్రకు పోటీగా వచ్చిన వ్యక్తి కాడు. ఆ చరిత్రకు అతడు ఆలస్యంగా వచ్చిన సాక్షి. అతని కలం ఆగిన మూడేళ్లను ‘విరామం’గా గుర్తించడానికి సిద్ధపడే పరిశోధకుడు, అచ్చమాంబ కాలం నుంచి కలం పట్టనే లేకపోయిన వేలాది స్త్రీల జీవితాన్నీ అదే కొలతతో కొలవవలసి ఉంటుంది.

4. దివిసీమ ఉప్పెన తరువాత బిడ్డలను ఒంటరిగా పెంచిన తండ్రుల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా సేకరించడం తక్షణం చేపట్టదగిన పరిశోధన.

బిడ్డ బడిలోకి అడుగుపెట్టిన ఉదయం తండ్రి కాగితం ముందు కూర్చోవడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. దాని వెనుక నూరేళ్లకు పైబడిన గృహశ్రమ చరిత్ర ఉన్నది. మధ్యాహ్నం బడి విడిచే వేళకు అతడు కలం మూసి లేస్తాడు. సాహిత్య చరిత్రకారుడు ఆ వేళను కూడా గుర్తించి రాయవలసి ఉన్నది.